రెండు సీట్ల బండికి కొత్త స్ప్రింగులు

ఇంటి పక్క షెడ్డులో ఎర్ర స్పోర్ట్స్ కారు స్టాండ్ల మీద నిలబడి ఉంది. దాని కింద బావ. పక్కన పానాల పెట్టెతో బావమరిది.

"…అది కాదురా, దాని పక్కది. పెద్ద పానా."

"ఇదిగో. బావా, ఒక మాట అడగనా?"

"ఈ నట్టు ఊడేదాకా ఏమీ అడక్కు."

"ఊడింది కదా."

"…అడుగు."

"పాత స్ప్రింగులు బాగానే ఉన్నాయిగా?"

"బాగానే ఉన్నాయంటే… మెత్తగా ఉన్నాయి. మలుపులో బండి ఒరుగుతోంది. ఇవైతే బిగువు. ఎత్తు కూడా మనకి కావలసినట్టు సర్దుకోవచ్చు."

"పోయిన నెల బ్రేకులన్నారు. అంతకుముందు సైలెన్సర్."

"బండన్నాక పని ఉంటుంది."

"మెకానిక్‌కి ఇస్తే ఒక్క పూటలో అయిపోయేది."

"అందుకే ఇవ్వలేదు."

"ఆఁ?"

"ఏం లేదు. ఈ పాత షాక్ అబ్జార్బర్ పట్టుకో. జారనివ్వకు."

"లోపల మొదలెట్టారు బావా. అత్తాకోడళ్ళిద్దరూ."

"వినపడుతోందిలే. ఇవాళ దేనికట?"

"దుప్పటి ఎవరు మడతపెట్టారని."

"పోయిన ఆదివారమూ దుప్పటే."

"మీరెళ్ళి సర్దిచెప్పొచ్చుగా?"

"చెప్పలేదనుకున్నావా! మొదట్లో రోజూ చెప్పేవాణ్ణి. అమ్మకి విడిగా అరగంట, మీ అక్కకి విడిగా అరగంట. తర్వాత ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి సహనం గురించి ఇంకో గంట."

"గంటా!"

"ఉదాహరణలతో సహా. ఏం లాభం? చెవిటివాడి ముందు శంఖం. చివరికి ఒకరోజు అమ్మ పెట్టె సర్దేసింది. అది చూసి మీ అక్కా సర్దింది. ఇద్దరూ గుమ్మంలో నిలబడి, ఎవరు వెళ్ళాలో నువ్వే చెప్పమన్నారు."

"మీరేమన్నారు?"

"బండిలో ఏదో చప్పుడొస్తోంది, చూసొస్తానన్నా."

"నిజంగా వస్తోందా?"

"ఆ పై నట్టు ఎక్కించు. వేలితో చాలు. బండి నేల మీద దిగాక గట్టిగా బిగిద్దాం."

"పోనీ, ఇద్దర్నీ ఈ బండిలో సరదాగా ఓసారి తిప్పుకు రాకూడదూ?"

"రెండు సీట్లురా దీనికి. ఒకటి నాది. రెండోది ఎవరిదో తేలక ఇన్నాళ్ళూ ఒంటికాయ శొంఠికొమ్ములా తిరుగుతున్నా. నవ్వకు!"

"నవ్వట్లేదు బావా. దగ్గు."

"ఈ స్ప్రింగే నయం. ఇటు తిప్పితే గట్టి, అటు తిప్పితే మెత్తన. వాళ్ళిద్దరికీ అలాంటి మర ఎక్కడుంది? ఆ ఇంట్లో షాక్ అబ్జార్బర్ నేనేరా. నేనే లేకపోతే ఈపాటికి ఎవరిల్లు వాళ్ళదయ్యేది."

"కానీ మీరిప్పుడు ఇక్కడున్నారు కదా."

"…జాకీ దించు."

"నాలుగూ అయిపోయాయా?"

"అయిపోయాయి. బిగించడం కూడా అయిపోయింది. అద్దాలు తుడుద్దామా?"

"తుడిచాం. రెండుసార్లు."

"అయితే లోపలికి వెళ్ళాల్సిందే. ఇవాళ తేల్చేస్తానురా. అమ్మనీ పంపను, మీ అక్కనీ పంపను. కావాలంటే దీన్ని అమ్మేసి నాలుగు సీట్ల బండి కొంటా."

"ఇంత ఇష్టపడి చేసుకున్నదాన్నా?"

"ఇద్దరూ ఎక్కని బండి ఎంత ఉరికితే ఏం లాభంరా. పద."

"ఆగండాగండి. షెడ్డు తలుపు తియ్యకండి. అరుపులు ఆగిపోయాయి."

"ఆగాయా? కొంపదీసి కొట్టుకుంటున్నారా?"

"ష్… నవ్వుతున్నారు."

"ఏడుపై ఉంటుంది."

"నవ్వే బావా. పేక కలుపుతున్నట్టున్నారు. మీ అమ్మగారు 'ముక్క వెయ్యవే తల్లీ' అంటున్నారు."

"మా అమ్మా? మీ అక్కనా? తల్లీ అనా?"

"అయ్యో, చూసుకోండి, పానాల పెట్టె తన్నేశారు!"

"అత్తయ్యా, అత్తయ్యా, పేక దాచండి! ఆయన పని అయిపోయినట్టుంది, సహనం గురించి చెప్పడానికి వచ్చేస్తారు. అరవండి, అరుపులు వింటేనే మళ్ళీ షెడ్డులోకి పోతారు, ఈసారి మీ వంతు!"