అంకుల్ ఊరుకోరమ్మా

మెల్‌బోర్న్ శివార్లలోని ట్రుగనీనా. శనివారం మధ్యాహ్నం వంటింట్లో వసంతకుమారి గోంగూర ఒలుస్తోంది. ఎదురుగా, యూనివర్సిటీలో హిస్టరీ చదువుతున్న కూతురు ప్రిస్సిల్లా లాప్‌టాప్ తెరిచి కూర్చుంది.

"అది కాదే ప్రిస్సీ, మీ డాడీకి మనుషుల్ని అదుపులో పెట్టడం రాదంటున్నాను. పెళ్ళయిన దగ్గర్నుంచీ చూస్తున్నానుగా. కుక్కపిల్లని 'కూర్చో' అంటారా, అది వెళ్ళి సోఫా మీద పడుకుంటుంది. ఈయనగారు పోయి కింద కూర్చుంటారు. ఇలాంటి మనిషి లేబర్ కాంట్రాక్టరు!"

"మమ్మీ, నా ప్రెజెంటేషన్ వింటావా, వినవా?"

"వింటున్నాగా. ఇంగ్లీషోళ్ళు. చెప్పు."

"ఇండియాలో వాళ్ళ పెద్ద ఆఫీసర్లు వెయ్యిమంది, అంతే. మనవాళ్ళు కోట్లు. అంతమందిని ఎలా కంట్రోల్ చేశారన్నదే నా టాపిక్."

"తుపాకులు."

"అందరూ అదే అంటారు. తుపాకీ చివర్న. ముందు స్టీమర్లు, రైళ్ళు, టెలిగ్రాఫ్. ఎక్కడ గొడవైనా వెంటనే లండన్‌లో తెలిసిపోయేది."

"మీ నాన్నమ్మకి ఆ తీగలు కూడా అక్కర్లేకపోయింది. అమలాపురంలో కూర్చుని నా ఫ్రిజ్‌లో ఏముందో చెప్పేది."

"మమ్మీ!"

"సరే, సరే. స్టీమర్లు."

"ఆ స్టీమర్లలో కాకినాడ నుంచి రంగూన్‌కి మన తెలుగువాళ్ళని వేలకి వేలు తీసుకెళ్ళారు. మిల్లుల్లో పనికి, రేవులో బస్తాలు మోయడానికి. తీసుకెళ్ళింది దొరలు కాదు. మేస్త్రీలు."

"మనవాళ్ళేనా?"

"మనవాళ్ళే. అదే ఊరు, అదే భాష. 'నేనున్నాను కదరా' అనేవాడు. కూడు పెట్టేవాడు, పడుకోవడానికి చోటు చూపించేవాడు. అందుకని కూలీవాళ్ళు మనసులో మాట కూడా అతనికే చెప్పుకునేవాళ్ళు."

"పాపం, మంచివాడే."

"మంచివాడే. ఎవరు వెళ్ళిపోవాలనుకుంటున్నారో కూడా ముందు అతనికే తెలిసేది."

"ఈ కట్టలో సగం కాడలే. కొట్టువాడు మనల్ని మేకలనుకున్నాడో ఏమో. ఆ పెద్ద గిన్నె ఇలా అందుకో."

"ఏది, ఇదా? పైన ఆ పాత కుక్కర్ పారెయ్యకూడదూ? గాస్కెట్ కూడా లేదు దానికి."

"దాన్ని ముట్టుకోకు! నెత్తిమీద పడుతుంది. గిన్నె ఇటివ్వు చాలు."

"మమ్మీ, లిఖిత ఏడుస్తోంది. వినిపించట్లేదా?"

"వెనక రూములోనా? టీవీ అయ్యుంటుంది."

"వెనక రూములో టీవీ లేదు."

"మన దగ్గర ఉండి వేర్‌హౌస్‌లో పనిచేసే స్టూడెంట్ పిల్లల్లో ఆ పిల్లే కొంచెం సున్నితం. పొద్దున్న చారన్నం కలిపి పెట్టాను, ముట్టుకోలేదు."

"వాళ్ళ నాన్న రాజమండ్రిలో వెంటిలేటర్ మీద ఉన్నారు మమ్మీ! చారన్నం ఏం తింటుంది? నిన్నటి ఫ్లైట్ పోయింది. అప్పు చేసి ఇంకో టికెట్ కొంది, అది ఈ రోజే. నాలుగింటికి బయల్దేరకపోతే అదీ పోతుంది. పాస్‌పోర్టు లేదు."

"పారేసుకుందా?"

"మమ్మీ."

"మరి మీ డాడీ దగ్గరుండాలి. పిల్లలందరివీ భద్రంగా ఉంటాయని మనమే తీసుకున్నాంగా. అంతమంది ఒక చోట ఉంటారు, ఎక్కడ పడేసుకుంటారో అని."

"నిన్ను అడిగిందట."

"అడిగింది. నేనేం చేస్తానే? 'అంకుల్ ఊరుకోరమ్మా' అన్నాను. క్రిస్మస్ సీజను. వేర్‌హౌస్‌లో మనుషులు తగ్గితే కాంట్రాక్టు పోతుంది. ఒకళ్ళని పంపితే రేపు ఇంకొకళ్ళకి తాతయ్య పోతాడు, ఎల్లుండి ఇంకొకళ్ళకి అక్క పెళ్ళి."

"డాడీ అలా అన్నారా?"

"మరెవరంటారు? అది సరేగానీ, ఆ మేస్త్రి ఏమయ్యాడు? కానీ, కానీ. సోమవారమే కదా నీ ప్రెజెంటేషను."

"మేస్త్రి ఎప్పుడూ తను వద్దంటున్నానని చెప్పేవాడు కాదు. 'నాదేముందిరా, దొరగారు ఒప్పుకోరు' అనేవాడు. కూలీవాడు దొర దగ్గరకి వెళ్ళలేడు. వెళ్ళినా భాష రాదు. ఇక ఎవర్ని అడుగుతాడు? పైగా మేస్త్రి మీదే జాలి, పాపం మనకోసం ఎంత మాట్లాడాడో అని."

"తెలివైనవాడే."

"డాడీ ఇలాంటి దొర అవుతారనుకోలేదు. నిన్ను మధ్యలో పెట్టి..."

"అవునే. నాదేముంది, చెప్పు. మధ్యలో నలిగిపోవడానికే పుట్టాను... ఎవరూ? తలుపు తీసే ఉందమ్మా లిఖితా, లోపలికి రా."

"ఆంటీ, అంకుల్ ఏమన్నారు?"

"ఫోన్ ఎత్తట్లేదమ్మా. వ్యాన్‌లో ఉన్నట్టున్నారు. కూర్చో, మజ్జిగ ఇస్తాను."

"ఇంకొక్కసారి చెయ్యండి ఆంటీ. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఛఛ, లే, లే. ఏంటా పని?"

"హాస్పిటల్‌లో అమ్మ ఒక్కతే ఉంది. నాన్న చెవి దగ్గర ఫోన్ పెట్టించింది ఆంటీ. 'వస్తున్నాను నాన్నా' అన్నాను. కనురెప్ప కదిలిందంట. నేను వస్తున్నానని చెప్పేశాను ఆంటీ. చెప్పేశాను."

"ఊరుకో తల్లీ. దేవుడున్నాడు."

"వచ్చాక రెండు షిఫ్టులూ చేస్తానని చెప్పండి. క్రిస్మస్ రోజు కూడా చేస్తాను. సెమిస్టర్ పోయినా పర్లేదు. పారిపోనని చెప్పండి ఆంటీ, నేనెక్కడికి పారిపోతాను?"

"నా చేతిలో ఉంటే ఇచ్చెయ్యనా?"

"తెలుసాంటీ. ఇక్కడ నాకున్నది మీరే. మొదటి టికెట్ కొన్నప్పుడు కూడా మీకొక్కరికే చెప్పాను. 'అంకుల్‌కి తెలిసిపోయింది, మండిపడుతున్నారు' అన్నారు కదా మీరు... ఎలా తెలిసిందో ఆయనకి. నా వల్ల మీకు మాటలు పడ్డాయేమో."

"అవన్నీ ఇప్పుడెందుకు? వెళ్ళి ముఖం కడుక్కో. బ్యాగు సర్దుకున్నావా?"

"మొన్నే సర్దుకున్నాను."

"అయితే మళ్ళీ ఒకసారి చూసుకో. వెళ్ళు, వెళ్ళు, నేను చేస్తాను ఫోను."

"మమ్మీ, వెళ్ళిపోయింది. చెయ్యి ఫోను."

"చేస్తాను. ఈ గోంగూర కడిగేసి."

"గోంగూర ఎక్కడికీ పోదు!"

"మీ డాడీ వ్యాన్ నడుపుతుంటారే, రోడ్డు మీద కంగారు పడితే..."

"నేనే చేస్తున్నాను."

"వద్దు. ప్రిస్సీ, వద్దన్నానా? ఆ ఫోన్ ఇలా ఇవ్వు."

"ఎత్తారు. స్పీకర్‌లో పెడుతున్నాను. డాడీ?"

"చెప్పమ్మా ప్రిస్సీ. అన్నం తినెయ్యమను, నాకోసం చూడొద్దని చెప్పు మీ అమ్మకి."

"డాడీ, లిఖితని వెళ్ళనివ్వండి. ప్లీజ్."

"ఎక్కడికి?"

"యాక్ట్ చెయ్యకండి డాడీ! వాళ్ళ నాన్న చనిపోయేలా ఉన్నారు!"

"ఎవరు, మన లిఖిత వాళ్ళ నాన్నా? ఎప్పటినుంచి? నాకు చెప్పలేదేంటి? నిన్న వ్యాన్‌లో నా పక్కనే కూర్చుంది, ఒక్క మాట మాట్లాడలేదు. నా ముఖం కూడా చూడలేదు."

"టికెట్ కొందని మీకు తెలుసుగా. మండిపడ్డారుగా."

"ఏం టికెట్టు?"

"మమ్మీ...?"

"ప్రిస్సీ, ఏమైందమ్మా? ముందు ఆ పిల్లని పంపించండి, పనిదేముంది, నేను సర్దుకుంటాను."

"పాస్‌పోర్టు లేకుండా ఎలా పంపిస్తాం డాడీ? అవి దాచింది మీరు కాదా?"

"పాస్‌పోర్టులా? మన దగ్గర ఉంచుకుంటే తప్పు, జైల్లో పెడతారు, ఎవరివి వాళ్ళకి ఇచ్చెయ్యమని ఈస్టర్‌కే చెప్పానే మీ అమ్మకి. ఇచ్చేశానంది. వసంతా, అక్కడే ఉన్నావా? ఇచ్చావుగా?... వసంతా?"

"మమ్మీ, మాట్లాడు."

"స్టవ్ మీద పప్పు మాడుతోంది."

"స్టవ్ వెలిగించనేలేదు మమ్మీ."

"వసంతా, ఇచ్చెయ్యమన్నానా, లేదా?"

"అన్నారు. మీకేం, అన్నీ అంటారు! పోయినేడు ఇద్దరు సీజన్ మధ్యలో వేరే కాంట్రాక్టర్ దగ్గరకి పోతుంటే, బిస్కెట్ ప్యాకెట్లిచ్చి, ప్రార్థన చేసి మరీ పంపారు. తర్వాత ఈ ఇల్లు నిలబెట్టుకోవడానికి ఏం పాట్లు పడ్డామో మీకు గుర్తుండదు. నాకుంటుంది. ఎవరో ఒకరు గట్టిగా ఉండాలిగా. నేనేమన్నా కట్టేసి కొట్టానా? వేళకి అన్నం పెట్టాను. కష్టం చెప్పుకుంటే విన్నాను."

"నా పేరు చెప్పి వద్దన్నావా?"

"నేనే వద్దన్నానంటే మళ్ళీ నన్ను ఆంటీ అని పిలుస్తారా?"

"అందుకా ఆ పిల్లలు నన్ను చూస్తే మాటలాపేసేది! నేనేదో పెద్దరికమనుకుని మురిసిపోయాను."

"డాడీ, మీరెప్పుడైనా వాళ్ళని అడిగారా, పాస్‌పోర్టులు చేతికొచ్చాయా అని?"

"మీ అమ్మ ఇచ్చేశానన్నాక..."

"అడగలేదు. పని ఆగకపోతే దొరలు కూడా ఏమీ అడగలేదు డాడీ."

"...వ్యాన్ తిప్పుతున్నాను. ఆ పిల్లని ఎయిర్‌పోర్టుకి నేనే తీసుకెళ్తాను. ఉంటాను."

"పెట్టేశారు. మమ్మీ, ఎక్కడున్నాయి?"

"ఆ కుక్కరు దించు."

"ఇప్పుడు వంటేంటి మమ్మీ—"

"గాస్కెట్ లేని కుక్కరే ప్రిస్సీ. దించు."

"...ఓ గాడ్. అందరివీ ఇందులోనే."

"నీలం కవరు లిఖితది. వెళ్ళి ఇచ్చిరా."

"నేనివ్వను."

"టైమవుతోందే!"

"నువ్వే ఇవ్వు. మధ్యలో ఇంకో మనిషి వద్దు."

"ఏమని ఇవ్వను? అంకుల్ ఒప్పుకున్నారని చెబుతాను. ఆయనకీ మంచి పేరే కదా. అంత దుఃఖంలో ఉన్న పిల్లకి ఇప్పుడు ఇంకో దుఃఖం ఎందుకు? వచ్చాక నిదానంగా..."

"వాళ్ళ నాన్న ఉండగా చేరుతుందో లేదో తెలియదు మమ్మీ. నిన్న ఎందుకు వెళ్ళలేకపోయిందో జన్మంతా ఆలోచిస్తుంది. డాడీని తిట్టుకుంటూ ఆలోచించనిస్తావా?"

"అయితే నువ్వూ రావే."

"నేను వెనకాలే వస్తాను. పద."

వెనక గది. తలుపు వేసి ఉంది.

"లిఖితా, నేనమ్మా. తలుపు తియ్యి... ఇదిగో. నీదేనా, చూసుకో."

"ఆంటీ! ఆంటీ... నాదే. అమ్మా, అమ్మా, పాస్‌పోర్ట్ ఇచ్చారమ్మా, లైన్‌లోనే ఉండు, నాన్నకి చెప్పు, బయల్దేరుతున్నాను... ఆంటీ, మీ రుణం ఎలా తీర్చుకోను? అంకుల్‌ని ఎంత బతిమాలి ఉంటారో మీరు! మా అమ్మ మీతో మాట్లాడతానంటోంది, దణ్ణం పెడుతోంది ఆంటీ, ఒక్క నిమిషం..."

"వద్దమ్మా. నాకు దణ్ణాలొద్దని చెప్పు."

"ఎందుకాంటీ, అలా అంటారు? అంకుల్ వద్దన్నా మీరు..."

"అంకుల్ ఎప్పుడూ వద్దనలేదు తల్లీ. ఆయనకసలు తెలియనే తెలియదు. వద్దన్నది నేనే. నిన్న నిన్ను వెళ్ళనివ్వనిది నేనే. నేను తప్పు చేశాను."