హొన్నూరమ్మ డైలాగు

ఏంది పాపా, కోర్టు సినిమాల్లో ఏది బాగుంటాదని నన్నడుగుతావా? లా చదివేది నువ్వు, చెప్పాల్సింది నేనా? ఓహో, కాలేజీలో రాసుకొని రమ్మన్నారా. సరే కూర్చో, ఆ చాప లాక్కో. నేను చూసినవన్నీ వై.ఎన్.హొసకోట టెంటులో, ఇసకలో కూర్చొని చూసినవే. ఈ మాట హొన్నూరమ్మను అడగాల్సింది. నువ్వు పుట్టకముందే పోయిందిలే. కోర్టు సినిమా వచ్చిందంటే చాలు, సంగటి సగం ఉడికినా దించేసి వచ్చేది. వానల్లేని కాలం అది. శెనక్కాయ చెట్లు మట్టిలోకి ఊడ దిగకనే ఎండిపోతాండె. చేలల్లో పని లేక, ఆడోళ్ళమంతా అనంతరాము మండీలో విత్తనానికి కాయలు వలిచేకి పోతాంటిమి. పదైదు మందిమి గుండ్రంగా కూర్చుంటే నడాన హొన్నూరమ్మ. చేతులు వలుస్తాంటాయి, నోరు సినిమా చెప్తాంటాది. జడ్జికొక గొంతు, ప్లీడరుకొక గొంతు, బోనులో ఆడమనిషికింకొక గొంతు. కత బోనుకాడికి వచ్చిందంటే మా చేతులన్నీ నిలిచిపోయేవి. అనంతరాము గల్లా దగ్గరనుంచి కేకేసేవాడు, మీరు ఈడికి వలిచేకి వచ్చినారా, తీర్పు వినేకి వచ్చినారా అని. ఆయన పెండ్లాం వసంతమ్మ తలుపు సందులోంచి, ఉండండి, ఆ తీర్పొకటి కానీండి, అనేది. ఆయమ్మను సినిమాకు పంపితే కదా పాపం. మొగుడే ప్లీడరు, మొగుడే జడ్జి ఆ ఇంట్లో.

ఏం చూసి బాగుందనేదా? అదే చెప్తాండా, తొందరపడొద్దు. అరిచే ప్లీడరు హొన్నూరమ్మకు నచ్చడు. బల్ల మీద గుద్దేవాళ్ళను మన ఇండ్లలోనే చూస్తాంటాం కదే, దానికి టిక్కెట్టు ఎందుకు, అనేది. ఆయమ్మకు కావాల్సింది బోను. ఆడది బోనెక్కి నోరు తెరిచిందంటే ఎవడూ అడ్డం రాకూడదు, వచ్చినోని మీదికి జడ్జి సుత్తి కొట్టాల. 'చూడు రంగీ, మొగోళ్ళను నోరు మూసుకోమని చెప్పే సుత్తి ఈ లోకంలో అదొక్కటే ఉండాది' అనేది. ఇంకొకటుండాది. తీర్పయినాక తెర మీద శుభం పడతాది చూడు, అందరూ దుమ్ము దులుపుకొని లేస్తారు, ఆయమ్మ లేసేది కాదు. తీర్పు సరేప్పా, ఇప్పుడు ఆ మనిషి ఏ ఇంటికి పోతాది, సాయంత్రం యాడ పొయ్యి ముట్టిస్తాది, అది చూపించినోడు ఒక్కడూ లేడే, అని అడిగేది. టెంటోడు పరదాలు దించుతాంటాడు, లేయండమ్మా లేయండి అని.

ఆయమ్మ మొగుడు కొల్లప్ప. మన ఊరోడే, నిడుగల్లు కొండకింద గొర్లు మేపుకొనేవాడు. కరువుకు గొర్లు అమ్మేసి బెంగుళూరు పక్క కూలికి పోయినాడు. రెండేండ్లకు వచ్చినాడు, వస్తావస్తా ఇంకొకదాన్ని పిలుచుకొని వచ్చినాడు. దాన్ని నేనేమీ అనను, దాని కరువు దానిదేమో. హొన్నూరమ్మకు బిడ్డలు లేరు కదా, ఊర్లో పెద్దమనుషులకు ఆ సాకు చాలు. మొగోడన్నాక ఏం చేస్తాడు, అని తలకాయలు ఊపినారు. కొల్లప్ప ఆయమ్మ చీరలు, కడవ, చాట గడప బయట పెట్టి, ఇల్లు నా పేరుతో ఉండాది, నడువు అన్నాడు. ఇల్లంటే ఏమనుకున్నావు? వాడు గొర్ల యెంట పోతే, కొండకింద నుంచి రాయి మోసింది ఆయమ్మ. మట్టి తొక్కింది ఆయమ్మ. గోడలకు పేడ పూసినప్పుడు ఆ చేతి గుర్తులు నేను చూసినా, వేళ్ళతోసహా. కాగితంలో వేళ్ళ గుర్తులు పడవు కదా. ఏడుస్తాదని ఊరంతా అనుకునింది. ఆయమ్మ మాత్రం చీర దోపుకొని, కోర్టుకు పోతా, అన్నింది. నువ్వు నమ్మవు, ఆ ముఖంలో భయం లేదు. బోనెక్కబోతానని ఒక సంబరం ఉండె.

మూడేండ్లు తిరిగింది. సినిమాలో మూడు గంటలు. వాయిదా అనే మాట ఒక్క సినిమాలో అన్నా చెప్పినారా అని ప్లీడరును అడిగితే ఆయప్ప నవ్వినాడంట. ఆ మూడేండ్లూ మండీలో, బోనులో చెప్పాల్సిన డైలాగు తయారు చేసినాము. మనం మాట్లాడేది తెలుగైనా కోర్టు కన్నడంది. కన్నడం మనకు వస్తాది కదా, కన్నడంలోనే చెప్పు, అని వసంతమ్మ అంటే, కూలి అడిగేకి, బస్సు అడిగేకి చాలు ఆ కన్నడం, కడుపులోది చెప్పేకి చాలదు, అన్నింది. తెలుగే ఖాయం. మొదట్లో డైలాగు ఎట్లుండెనంటే, 'సామీ, నా చేతులతో కట్టిన ఇల్లు' అని మొదలయ్యేది. నేనే మార్చినా. నేనే పాపా. కాదే, అట్ల గబగబా చెప్తే ఎవరింటారు, సినిమాలో చూడలేదా, ముందర ఒక్క మాట చెప్పి ఆగాల, అంతా నిశ్శబ్దం కావాల, అప్పుడు తక్కింది చెప్పాల, అన్నా. 'ఇల్లు' అను, ఆగు, ముగ్గురు దేవుండ్లను తలుచుకునేంతసేపు ఆగు, అప్పుడు చెప్పు. మండీలో చేసి చూపిస్తే పదైదు మందిమీ ఏడ్చినాము. అనంతరాము కూడా ఆ పొద్దు అరవలేదు.

కోర్టుకు నేనూ పోయినా, మా ఇంటాయనకు అరసికెరెలో చుట్టాలింటికని చెప్పి. ఎనక బెంచీ మీద కూర్చున్నా. జడ్జి కొత్తాయన, సముద్రం పక్కనుంచి వచ్చినాడంట, తెలుగు ముక్క రాదు. ప్లీడరు అడిగినవాటికి అవును, కాదు అని ఆయమ్మ కన్నడంలోనే చెప్పింది. అంతా అయినాక జడ్జి, మంచాయనే పాపం, మెల్లగా అడిగినాడు, 'ఇన్నేనాదరూ హేళోదిదెయామ్మా?' అని. ఇంకేమన్నా చెప్పేది ఉండాదా అని. ఎన్ని దినాలనుంచి కాచుకొన్నామో ఆ మాటకు. హొన్నూరమ్మ బోను కట్టెను రెండు చేతులా పట్టుకునింది. తల ఎత్తింది. 'ఇల్లు' అన్నింది. అని, ఆగింది.

తెలిసిపోయిందా నీకు? అదే. కన్నడంలో ఇల్ల అంటే లేదని కదా. ఇంకేమన్నా ఉండాదా అంటే, లేదు. జడ్జి తలూపి రాసుకున్నాడు. సరి, ఇళియమ్మా, అన్నాడు, దిగిపొమ్మని. ఆయమ్మ ఇంకా రెండో దేవుని కాడనే ఉండె. బంట్రోతు వచ్చి దిగు దిగు అంటాండాడు, తరువాతి కేసు పిలిచేసినారు. సామీ, అని ఆయమ్మ నోరు తెరిస్తే, సైలెన్స్ అన్నాడు వాడు. ప్లీడరు ఇంకొక కట్టలో తలకాయ పెట్టుకోనుండె. కింద రాసే గుమాస్తా ఉండె చూడు, వాడు మన పక్కోడే, ఇంట్లో తెలుగే మాట్లాడేది. వానికి అర్థమయింది. మీసం కింద నవ్వుకున్నాడు కానీ చెప్పలేదు.

గుమాస్తాను తిట్టేకి నాకేం నోరుండాది. నాకు రాదా కన్నడం? లేసి, సామీ, ఆయమ్మ ఇల్లు అన్నింది, ఇల్ల అనలేదు, అనింటే అయిపోయేది. ఒక్క ముక్క. లేద్దామనే అనుకున్నా. లేస్తే నా పేరు అడుగుతారు, ఊరడుగుతారు, సాయంత్రానికి మా ఇంటాయనకు తెలుస్తాది, నా చీరలూ గడప బయటుంటాయి. ఇవన్నీ ఎంచుకునేసరికి హొన్నూరమ్మ మెట్లు దిగేసింది. తీర్పులో రాసినారంట, ఇంకేమీ చెప్పేది లేదని ఆయమ్మే ఒప్పుకునిందని. ఇల్లు కొల్లప్పకు పోయింది. ఆయమ్మ మండీ ఎనక రేకుల కొట్టంలో ఉండె, పోయేవరకూ.

సినిమాలా? మానలేదు. నన్నే తోడు పిలుచుకొని పోయేది. ఒకసారి మొదటాటలో అట్లాంటిదే వచ్చింది. తీర్పు చెప్పబోతాంటే జనంలోంచి ఒక ముసలామె లేసి, ఆగండి సామీ, నేను చెప్తా, అంటాది. టెంటంతా ఈలలు. నాకు ఆ ఇసకలో పూడిపోదామనిపించింది. హొన్నూరమ్మ తెరమీదనుంచి కండ్లు తీయలేదు. 'నువ్వు లేసింటే నిన్నూ బోనెక్కిచ్చిందురు రంగీ. నీకు డైలాగు యాడొస్తాదే' అన్నింది. నేను నవ్వినా. ఆయమ్మ నవ్విందో లేదో ఆ చీకట్లో కనపడలేదు.

ఊఁ. రాసుకున్నది చాల్లే పాపా. మేకలకు నీళ్ళు పెట్టినారో లేదో చూసిరా పో.