మెహర్‌లో రాసిచ్చిన ఊట

ఎవరి గురించి, కవి వాసిఫ్ గురించా? కూర్చో తల్లీ, ఆ దిండు ఇటు లాక్కో. మీ బడి పుస్తకాల్లో ఆయన్ని ఏడుపుగొట్టువాణ్ణి చేసి పెట్టారు, చూస్తే ఒళ్ళు మండుతుంది నాకు. దేశం పోయిందని ఏడ్చాడట! ఏడవడానికి మాకు కవెందుకే, మా ఇళ్ళల్లో ఏడవడం రానిదెవరికి? ఆ మనిషి పెళ్ళిళ్ళలో అప్పటికప్పుడు పాట కట్టేవాడు. వస్తున్నాడంటే మా శరణార్థుల శిబిరంలో సందుసందూ ముందే నవ్వేది. మా మేనమామ బట్టతల మీద ఒకటి కట్టాడూ... సరే, అది ఆడపిల్లకి చెప్పేది కాదులే.

నా పెళ్ళి సంగతి విను. మాది కఫర్ సుమ్మాక్, మీ నాయనమ్మ వాళ్ళది దేర్ లూజ్. రెండూళ్ళ నడుమ ఒక నీటి ఊట. మాదంటే మాదని తాతల నాటి తగువు. యుద్ధంలో ఊళ్ళు రెండూ పోయి అప్పటికి పన్నెండేళ్ళు. ఇళ్ళు నేలమట్టం. మేమేమో రేకుల కింద కాపురం, పంపు దగ్గర బిందెలతో వరస. అయినా పిల్లనడగడానికి వెళ్తే నాకు కాబోయే మామ అబూ ఖలఫ్ ఏమన్నాడో తెలుసా? "ఊట మాదేనని మీ నాన్నని ఒప్పుకోమను, పిల్లనిస్తా." మా నాయనేమో, "బ్రహ్మచారిగా చావరా, ఊట మాత్రం వదలను!" నవ్వకే! అక్కడ మీ నాయనమ్మ నజ్లా తిండి మానేసింది, ఇక్కడ నేను మానేశాను.

అప్పుడొచ్చాడు వాసిఫ్. ఆయనది మూడో ఊరు, ఎవరి పక్షమూ కాదు. కాఫీ తాగి, "పెళ్ళికొడుకు పెళ్ళాం పేర రాసే మెహర్‌లో పెళ్ళినాడిచ్చేది ఒకటి, విడాకులిస్తేనో మొగుడు పోతేనో ఇచ్చేది ఇంకోటి ఉంటుంది కదా. ఆ రెండోదాని కింద ఊట రాసెయ్యండి" అన్నాడు. మా నాయన మీసం దువ్వాడు. "ఇస్తున్నామంటే మాదనేగా!" మామ తొడకొట్టాడు. "మా పిల్లకొచ్చిందంటే మాదేగా!" నికా కాగితం రాసే షేక్ గారు మాత్రం కలం కింద పెట్టేశాడు. "చేతిలో లేనిది ఎలా రాయనయ్యా?" వాసిఫ్ ఊరుకుంటాడా! "వీళ్ళ చేతిలో ఏదన్నా ఉంటే చూపించండి, అదే రాద్దాం." అంతా ఘొల్లుమన్నారు. షేక్ గారు కూడా నవ్వాపుకోలేక రాసేశాడు.

యాభై ఏడేళ్ళయింది. "వదిలేస్తా పో" అన్నానా, "ముందు నా ఊట తెచ్చిపడెయ్" అంటుంది. శిబిరం మీద బాంబులు పడ్డ రోజు ఆ కాగితం ముందు గుండెల దగ్గర దోపుకుని, ఆ తర్వాత నన్ను పిలిచింది మహాతల్లి.

వాసిఫ్ పోయే ముందు చూడ్డానికి వెళ్ళాను. ఎముకలే మిగిలాయి, నోరు మాత్రం తగ్గలేదు. "నలభై ఏళ్ళు ఊరి మీద రాశానురా. విన్నారు, ముక్కు చీదారు, ఇళ్ళకు పోయారు. నీ పెళ్ళి కాగితంలో రాయించానే, ఆ ఒక్క ముక్కకే సాక్షుల సంతకాలున్నాయి. నేను చెప్పినవాటిల్లో చెల్లేది అదొక్కటే" అన్నాడు. అని కన్ను గీటాడు, వెధవ.

నాకేమో డెబ్బై తొమ్మిది. నేను పోతే ఆ ఊట మీ నాయనమ్మకి ఇచ్చి తీరాలి. మీ నాన్న తేవాలి. వాడివల్ల కాకపోతే నువ్వు...



వెళ్ళు, రొట్టెలు మాడుతున్నట్టున్నాయి, చూడు.