దోన్ ఫెర్మీన్ బట్టీ గాలి

మెక్సికోలోని హువారెస్ ఊరి చివర, ఇటుక బట్టీల వీధి మొదట్లో ఓతీలియా బండి. పొద్దున్నే అక్కడ కూర్చుని వేడివేడి మొక్కజొన్న జావ తాగుతున్నాం. తెల్లారిందన్న మాటే గానీ, పొగలో ఎదుటివాడి మొహం కంటికి ఆనడం లేదు. ఓతీలియా మనవరాలు ఇత్సెల్‌కి ఉబ్బసం. మొన్ననే ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చారు.

అంతలో దోన్ ఫెర్మీన్ వచ్చాడు. బట్టీ ఆయనదే. సాయంత్రం నిప్పు పెడతాడని అందరికీ తెలుసు, పాత టైర్లు లారీడు దింపి పెట్టుకున్నాడు.

"దోన్ ఫెర్మీన్, ఈసారికి టైర్లు వద్దండీ," అంది ఓతీలియా, గ్లాసు అందిస్తూ. "గ్యాసుతో కాల్చండి. పిల్ల తట్టుకోలేదు."

అంతే, తన గొప్పలు ఎత్తుకున్నాడు.

"నా బట్టీ సంగతి నీకింకా తెలీదన్నమాట! ఈ వీధిలో గ్యాసు మొదట పెట్టిందెవరమ్మా? నేను! అందరూ చెత్తా చెదారం తగలేస్తుంటే, గ్యాసు బండలు మోయించుకొచ్చి పెట్టా. పొగ సగానికి సగం తగ్గింది. కాదంటారా?"

"కాదనం. ధర పెరగ్గానే పీకేశారు కూడా," అన్నాడు ఇటుకలు మోసే లాసారో.

"నువ్వుండరా మధ్యలో! పీకింది ధరకి భయపడి కాదు, అవసరం లేక. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బట్టీలోంచి గొట్టం లాగి పక్క బట్టీలోకి పెట్టా. దీని పొగ దాంట్లో పేర్చిన పచ్చి ఇటుకల్లోకి పోతుంది, అవి తాగేస్తాయి. తాగాయి కూడానూ! పొగకి ఎంత మరిగాయంటే, ఆ ఇటుకలతో కట్టిన ఇంట్లో పొయ్యి ముట్టిస్తే చాలు, పొగంతా గోడలే లాగేసుకుంటున్నాయి. ఆడవాళ్ళు చర్చిలో నా పేరున కొవ్వొత్తులు వెలిగించారంటే నమ్ముతారా?"

"నమ్మం," అన్నాడు లాసారో.

"నమ్మకపోతే పో. నది అవతలి అమెరికా తెల్లోళ్ళు నమ్మారు! గాలి కొలిచే మిషన్ పట్టుకొచ్చి బట్టీ నెత్తిన పెట్టారు. ముల్లు సున్నా దగ్గర ఆగిందా? ఆగలా! ఇంకా కిందికి పోయింది! పాడైందేమోనని ఇంకో మిషన్ తెచ్చారు, అదీ అంతే. 'టైర్లు కాలుస్తున్నారుగా, ఇదెలా?' అన్నారు. 'అవి మీరు పారేసిన టైర్లేనయ్యా, పొగ నేనుంచుకుని మంచి గాలి మీకు పంపుతున్నా' అన్నా. వాళ్ళలో పెద్దాయన టోపీ తీసి గుండెల మీద పెట్టుకున్నాడు."

అందరం నవ్వాం. నవ్వితే దగ్గొచ్చింది. దగ్గేవాళ్ళు ఆగేదాకా కూడా ఆగలేదాయన.

"అసలు కథ ఇప్పుడుంది. ఆసుపత్రి వాళ్ళు లారీ వేసుకొచ్చారు, ఖాళీ సిలిండర్లతో! మా బట్టీ గాలి పట్టుకెళ్ళి, ఊపిరాడని వాళ్ళకి పెట్టారు. ఒక ముసలాయనకి అప్పటికే ఫాదర్ వచ్చి చివరి ప్రార్థన కూడా చదివేశాడు. ఆ మనిషి రెండుసార్లు పీల్చాడో లేదో, మంచం దిగి, బూట్లేసుకుని, ఎవరిదో పెళ్ళిలో డాన్సు చెయ్యడానికి పోయాడు! డాక్టరు నా రెండు చేతులూ పట్టుకుని, 'దోన్ ఫెర్మీన్, మీ బట్టీ ఆరిపోతే మేం ఆసుపత్రి మూసుకోవాల్సిందే' అని ఒకటే ఏడుపు."

ఓతీలియా ఇంతసేపూ నవ్వలేదు. గరిట పక్కన పెట్టింది.

"అయితే మంచిదేనండీ. సాయంత్రం ఇత్సెల్ మంచం మోయించుకొచ్చి మీ బట్టీ పక్కన వేయిస్తాను. ఆ గాలేదో దానికీ పెట్టండి."

ఆయన నవ్వబోయాడు. ఆవిడ మొహం చూసి ఆగిపోయాడు.

"నిజంగానే అంటున్నానండీ. తీసుకురానా?"

దోన్ ఫెర్మీన్ చూపు గ్లాసులోకి దించుకున్నాడు. "ఇవాళ వద్దులేమ్మా," అన్నాడు, గొంతు బాగా తగ్గించి. "ఇవాళ అక్కడి గాలి పిల్లకి మంచిది కాదు."

"మా ఇల్లు మీ బట్టీ వెనకే కదండీ. మరి మా కిటికీలోంచి వచ్చే గాలి ఏ ఊరిది?"

ఆయన గ్లాసు బండి మీద పెట్టి, బట్టీ వైపు నడిచాడు. కాసేపటికి వెనక్కి తిరిగి చూడకుండానే, "రండిరా, పొద్దెక్కుతోంది," అని కేకేశాడు.

లాసారో ఓతీలియా మొహం చూడలేక తల దించుకుని లేచాడు. నేనూ లేచాను. ఆ టైర్లు బట్టీలోకి ఎత్తాల్సింది మేమే మరి.