ఆదివారం ఫోను

ఆదివారం పొద్దున. హనుమాన్ జంక్షన్‌లోని మందుల షాపు నుంచి ఫార్మసిస్టు సాయి ప్రియ ఫోన్ చేసింది. నూజివీడు పక్క ఊళ్ళో పున్నమ్మ తన ఇంటి వసారాలో బీపీ మిషను ముందు పెట్టుకుని కూర్చుంది.

"...కాదు పున్నమ్మ గారూ, మాగాయ సంగతి తర్వాత. మిషన్లో ఎంతొచ్చిందో ముందది చెప్పండి."

"చెప్తాలే అమ్మాయ్. నువ్వు టిఫిను చేశావా?"

"చేశానండీ. ఎంతొచ్చింది?"

"ఏం చేశావు, ఇడ్లీయా?"

"పున్నమ్మ గారూ!"

"పైది నూట తొంభై. కిందది నూట పది. ఈ మిషను పాడైందేమో చూడవే."

"ఇప్పుడే అటూ ఇటూ తిరిగొచ్చి కూర్చున్నారా? వీపు ఆనించి, కాళ్ళు నేలమీద పెట్టి, కాసేపు మాట్లాడకుండా కూర్చోండి. నేను లైన్లోనే ఉంటా. తర్వాత మళ్ళీ పట్టీ కట్టుకోండి."

"మాట్లాడకుండానా? అది నాకు బాగానే అలవాటు."

"ఇదిగో, మళ్ళీ మాట్లాడుతున్నారు."

"సరే, సరే."

"...ఐదు నిమిషాలైంది. ఇప్పుడు చూడండి."

"నూట తొంభై రెండు. ఇంకా పెరిగిందే!"

"మాత్రలు వేసుకుంటున్నారా?"

"ఆ... వేసుకుంటున్నా."

"రెండూనా?"

"పొద్దున్నది వేసుకుంటున్నా."

"మరి రాత్రిది? డాక్టరు గారు కొత్తగా రాసింది?"

"అదా... దాంతో కాళ్ళు వాస్తున్నాయమ్మా. చెప్పులు పట్టట్లేదు. ఆపేశా."

"ఎప్పుడు?"

"మొన్న... కాదు, అంతకు ముందే. నువ్వు పోయినసారి ఫోన్ చేసేటప్పటికే."

"పోయినసారి అడిగితే అన్నీ వేసుకుంటున్నానన్నారు కదండీ! ఆ మందుతో కొంతమందికి కాళ్ళు వాస్తాయి. ఒక్క మాట చెబితే డాక్టరు గారితో మాట్లాడి మార్పించేదాన్ని. నేను ఫోన్ చేసేది అందుకేగా?"

"కోప్పడకే. వారానికోసారి ఫోన్ చేస్తావు. అప్పుడు కూడా జబ్బు మాటలేనా?"

"తలనొప్పి ఉందా?"

"లేదు."

"నిజంగా?"

"కొంచెం. తెల్లారినప్పట్నుంచి. కళ్ళ ముందు మసగ్గా ఉంది. ఎండకేమోలే. ఇదివరకు ఇంటి ముందంతా నీడే. ఇప్పుడెక్కడిది..."

"మీకు మామిడితోట ఉందన్నారుగా?"

"ఉండేది. మా నాన్న నాకిచ్చిన తోట. బంగినపల్లి, చిన్నరసాలు... చింతలపూడిలో మా చెల్లెలింటికి వెళ్ళి నాలుగు రోజులుండి వచ్చేసరికి మోళ్ళు. ఒక్క చెట్టుంచలేదు. పామాయిలు మొక్కలు దించి ఉన్నాయి."

"అయ్యో. ఎవరండీ కొట్టించింది?"

"ఎవరో ఒకరు. వదిలెయ్."

"పున్నమ్మ గారూ, ఇప్పుడు నేను చెప్పేది వినండి. ఇంత బీపీకి తలనొప్పి, చూపు మసకా తోడైతే ఇంట్లో ఉండకూడదు. వెంటనే నూజివీడు ఆస్పత్రికి వెళ్ళాలి. మీ దగ్గర ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

"పక్కింట్లో?"

"సవరమ్మ చర్చికెళ్ళింది."

"మరి ఇంకెవరైనా..."

"ఎవరూ లేరని చెప్పాగా! ఎండ తగ్గాక వెళ్తాలే. మీ అమ్మకి మోకాళ్ళు ఎలా ఉన్నాయో చెప్పు."

"నూట ఎనిమిదికి చెప్తున్నానండీ నేను."

"వద్దే! అంబులెన్సు వాకిట్లోకొస్తే ఊరంతా..."

"ఆగండాగండి. ఎవరిదండీ ఆ దగ్గు?"

"దగ్గేంటి? టీవీ."

"ఆ ఫోనిలా ఇవ్వు, పున్నమ్మా... హలో, అమ్మా, నా పేరు రామచంద్రరావు. ఈవిడ భర్తని. కారు తీస్తున్నాను."

"భర్తా? మరి ఆవిడ... ఇన్నాళ్ళూ ఆవిడ ఒక్కరే ఉంటారనుకున్నానండీ."

"ఒక్కతే ఉన్నట్టేనమ్మా. నేను పక్క గదిలో ఉంటాను. నేనా తోట కొట్టించినప్పట్నుంచి మా మధ్య మాటల్లేవు."

"సరేనండీ, అవన్నీ ఇప్పుడొద్దు. గబుక్కున నిలబెట్టకండి, మెల్లగా లేపండి. మందుల కవరు కూడా తీసుకెళ్ళండి. ఆస్పత్రికి నేను ఫోన్ చేసి చెప్తాను. ఉంటాను మరి."

"పెట్టెయ్యకమ్మా. ఇంకో ఫోనుంటే దాన్నుంచి చెప్పు. ఇందులో ఆస్పత్రి దాకా ఈవిణ్ణి మాట్లాడిస్తూ ఉండు... ఆదివారం నీ ఫోనొచ్చినప్పుడేనమ్మా, తలుపు చాటున కూర్చుని నేను ఈవిడ గొంతు వినేది."