ఎలుగుబంటి గొంతు

డబ్బింగ్ స్టూడియోలో బయటి గది. తలుపు మీద ఎర్రలైటు వెలుగుతోంది, అంటే లోపల రికార్డింగు నడుస్తోందన్నమాట. సోఫాలో ఒక తండ్రి, ఫైటింగు సినిమాల్లో విలన్లకి గొంతు అరువిచ్చి బతుకుతున్నవాడు. పక్కన చెప్పులు విప్పేసి, కాళ్ళు పైకి పెట్టుకుని, సినిమా పిచ్చి బాగా ముదిరిన ఎనిమిదేళ్ళ కూతురు.

“పదకొండా? నీకు నచ్చిన సినిమాల్లో నా సినిమాకి పదకొండో నంబరా?”

“అరవకు నాన్నా. ఎర్రలైటు వెలుగుతోంది.”

“అరవట్లేదే. నా గొంతే అంత. సరే, మొదటి నంబరు ఏది?”

“ఎలుగు సినిమా.”

“రెండు?”

“ఎలుగు సినిమా రెండో భాగం.”

“అదింకా రానే లేదు! ఇప్పుడు లోపల మీ పక్కింటి బాబాయి ఎలుగుకి గొంతు చెప్తున్నది దానికేగా!”

“రాకపోయినా రెండే. నాకు తెలుసు.”

“ఓహో, చూడకముందే మార్కులు. మూడు?”

“రైలు మీద ఫైటింగు సినిమా. అందులో నువ్వు లేవు.”

“నేను లేననేనా మూడు?”

“అబ్బా, కాదు. అందులో ఆవిడ రైలు మీద పరిగెత్తేటప్పుడు ఒక చెప్పు జారిపోతుంది. పరిగెడుతూనే వెనక్కి తిరిగి చెప్పు వైపు చూసుకుంటుంది. నాకు అక్కడ ఎంత ఇష్టమో! నీ సినిమాల్లో ఎవరికీ ఏదీ జారదు నాన్నా. గాజు కిటికీలోంచి దూకినా చొక్కా నలగదు.”

“చొక్కా నలిగితే హీరో ఎలా అవుతాడు?”

“ఇంకోటి. నీ మనుషులు యాభైమంది ఉంటారు కదా, అందరూ కలిసి కొట్టరేం? ఒకడు దెబ్బలు తింటుంటే మిగతావాళ్ళు వాళ్ళ వంతు కోసం నిలబడతారు. మా బడిలో నీళ్ళ కొళాయి దగ్గర కూడా అంత బుద్ధిగా ఎవరూ నిలబడరు.”

“అందరూ ఒకేసారి మీదపడితే హీరో చచ్చూరుకుంటాడే పిచ్చిమొద్దూ. సినిమా ఇంటర్వెల్‌కే అయిపోతుంది.”

“మరి నువ్వెందుకు హీరోని కట్టేశాక అంతసేపు మాట్లాడతావు? నీ చిన్నప్పటి సంగతులన్నీ చెప్తావు. ఈలోపు ఆయన కట్లు విప్పుకుంటాడు.”

“ఆ సంగతులు చెప్తేనే మనింట్లో పొయ్యి వెలిగేది.”

“చెప్పినా చివరికి నిన్ను మేడ మీంచి తోసేస్తారు.”

“తోస్తే తోశారు. మీ బొమ్మల సినిమాల్లో మాత్రం ఏం వెలగబెట్టారు? కొండ మీంచి పడినా లేచి ఒళ్ళు దులుపుకుని పాట పాడుకుంటాయి.”

“ఎలుగు దులుపుకోదు.”

“ఊఁహూఁ... ఏంటీ? చెప్పు చెప్పు.”

“మంచు పడుతుంటుంది. పిల్ల ఎలుగు వాళ్ళ నాన్న మీద పడుకుని నిద్రపోతుంటుంది. నాన్న ఎలుగు భుజం మీద ఇంత మంచు పేరుకుంటుంది. అయినా దులుపుకోదు. ఎందుకో తెలుసా? కదిలితే పిల్ల లేచిపోతుందని. నేను నాలుగుసార్లు చూశాను. నాలుగుసార్లూ నేనే దులిపేద్దామనుకున్నాను.”

తండ్రి బొటనవేలు ఎత్తి చూపించాడు.

“నాన్నా, సైగలు చెయ్యకు. నోటితో చెప్పు.”

“ఏం లేదు. బాగుందన్నాను.”

“అదిగో, ఇంట్లో కూడా ఇంతే. వస్తావు, ఉప్పునీళ్ళు పుక్కిలిస్తావు, గొంతుకి రెస్టు అని సైగలు చేస్తావు. నీళ్ళు కావాలన్నా సైగే, దీపం ఆర్పమన్నా సైగే.”

“డాక్టరు చెప్పాడు కదమ్మా. పొద్దస్తమానం అరిచే గొంతు, ఇంట్లోనైనా మాట్లాడకుండా ఉండకపోతే ఒకరోజు ఉన్నట్టుండి పోతుందట. ఇవాళ సాయంత్రం కూడా నావి అరుపులే. సినిమాలో నిప్పంటుకుని గోదాంలో కాలిపోవాలి. అయినా నీతో ఇంతసేపు మాట్లాడుతున్నానా లేదా?”

“అందుకే చెప్తున్నా. శుక్రవారం నువ్వు రావద్దులే.”

“ఎక్కడికి?”

“బడికి. పెద్దవాళ్ళు వచ్చి వాళ్ళ పని గురించి చెప్పే రోజు. ఇంటికి ఒకళ్ళే రావాలి. నేను బాబాయిని పిలుస్తున్నా.”

“ఏ బాబాయి?”

“ఎంతమంది ఉన్నారేంటి? ఎలుగు బాబాయి. పక్కింటి బాబాయి.”

“నేనుండగా వాడెందుకు? నేను నీకు నాన్నని. వాడు ఎవరు?”

“నాన్నా, ఎర్రలైటు.”

“ఆర్పేయమను ఆ లైటు! ఊరందరికీ తెలిసిన గొంతు నాది. నేనొచ్చి ఒక్క నవ్వు నవ్వితే మీ బడి గోడలు అదరాలి.”

“అదే భయం. నా పుట్టినరోజున నవ్వమంటే నవ్వావు కదా, ఎదురింటి పాప ఏడుస్తూ వెళ్ళిపోయింది. నాకు తెచ్చిన రంగుపెన్సిళ్ళు కూడా తీసుకెళ్ళిపోయింది.”

“ఆ పాపకి గుండె ధైర్యం లేకపోతే నేనేం చెయ్యను?”

“మా క్లాసులో ఎవరికీ లేదు నాన్నా. అదిగో, లైటు ఆరింది! బాబాయ్!”

ఎర్రలైటు ఆరింది. తలుపు తోసుకుని పక్కింటి బాబాయి మెడలో తువ్వాలుతో బయటికి వచ్చాడు.

“ఊఁహూఁ... ఎవరూ? ఎవరూ ఈ గుహలోకి వచ్చిందీ? రా రా, చలిగా ఉంటుంది.”

“చూశావా నాన్నా! చూశావా! అదే గొంతు! బాబాయ్, శుక్రవారం మా బడికి వస్తావా? వస్తావా వస్తావా?”

“బడికా? ఏంటన్నా, ఏమంటోంది?”

“నన్నడుగుతావేంట్రా? పిలిచింది నిన్ను. నేనెవర్ని మధ్యలో?”

“అన్నా, ముఖం అలా ఉందేంటి? అమ్మడూ, లోపల సౌండు అంకుల్ ఉన్నాడు. వెళ్ళి అడిగితే తెర మీద పిల్ల ఎలుగుని చూపిస్తాడు. ఎవ్వరూ చూడనిది. వెళ్ళు.”

“నిజంగా? శుక్రవారం సంగతి తేల్చండి, నేనిప్పుడే వస్తా!”

అమ్మాయి ఒక కాలికే చెప్పు తొడుక్కుని లోపలికి పరిగెత్తింది.

“చెప్పన్నా. ఇక్కడ అమ్మాయి లేదు. ఏదో కడుపులో పెట్టుకున్నావు.”

“కడుపులో పెట్టుకోలేదు, కడుపు మండుతోంది. మసిబొగ్గైపోతోంది. చాలా?”

“నేనేం చేశాను?”

“ఏం చేశావా? గుంపులో నిలబడి ‘పట్టుకోండి, పారిపోతున్నాడు’ అని అరవడానికి కూడా గొంతు పెగలని రోజుల్లో నిన్ను చెయ్యి పట్టుకుని ఈ మైకు ముందుకి తెచ్చిందెవరు?”

“నువ్వే. కాదన్నానా?”

“ఆ ఎలుగు వేషానికి నన్నూ పిలిచారు తెలుసా? రెండు మాటలు చెప్పించుకుని, ‘మీ గొంతులో కత్తి ఉందండీ, పిల్లలు జడుసుకుంటారు’ అని పంపించేశారు. మర్నాడు నువ్వెళ్ళి కొట్టుకొచ్చావు. సరే, పోనీలే, మన కుర్రాడే అనుకున్నాను. పైకి నవ్వాను. స్వీట్లు కూడా తిన్నాను.”

“మూడు తిన్నావు.”

“నోర్ముయ్. ఇప్పుడు పిల్లని కూడా లాక్కుంటున్నావు. పొద్దున లేస్తే బాబాయి, పడుకుంటే బాబాయి. గోడకి నీ ఎలుగు బొమ్మ. నన్ను బడికి రావద్దంటోందిరా! కన్నతండ్రిని!”

“చిన్నపిల్ల, ఏదో సరదాపడి...”

“సరదా కాదు. నేనూ విన్నాను. పిల్లతో కూర్చుని ఆ సినిమా పూర్తిగా చూశాను. అంత గొప్పగా ఏం చెప్పావురా నువ్వు? డైలాగు చెప్పమంటే డైలాగు చెప్పాలి. నీది నటనా అది?”

“ఏం, బాలేదా?”

“ప్రతి మాటకి ముందు ‘ఊఁహూఁ’ అని ఒక మూలుగు. పళ్ళనొప్పి వచ్చినవాడిలా. తర్వాత ఏ మాటైనా రెండుసార్లు. ‘రా రా’, ‘చెప్పు చెప్పు’. వినేవాళ్ళకి చెవుడా? సరే అనుకుంటే, మాట చివర మింగేస్తావు. ‘పడుకో’ అనాలి, ‘పడు...’ అని ఆగిపోతావు, నీకే నిద్రొచ్చినట్టు. ఇంతకాలం నేను నేర్పింది ఇదా? మాట చివర కొరికినట్టు ఉండాలని చెప్పానా లేదా?”

“చెప్పావు.”

“మరి? ఎక్కడ నేర్చుకున్నావు ఆ మూలుగుడు? ఏ ఇంట్లో ఏ తండ్రి పిల్లతో అలా మాట్లాడతాడ్రా?”

“మా గోడకి అవతలి ఇంట్లో.”

“ఏంటీ?”

“మా పడగ్గది గోడకి అవతల. నువ్వు తుమ్మితే మా ఇంట్లో గిన్నె కదులుతుంది కదన్నా, ఆ గోడ. అమ్మడికి రెండేళ్ళప్పుడు, మూడేళ్ళప్పుడు, రోజూ రాత్రి నువ్వు పడుకోబెట్టేవాడివి. గుర్తులేదా?”

“పడుకోబెట్టేవాణ్ణి. అయితే?”

“అయితే ఏముంది? నువ్వు నోరు తెరిచే ముందు ‘ఊఁహూఁ’ అనేవాడివి. ఏమడిగినా ‘చెప్పు చెప్పు’ అనేవాడివి. ఆఖర్న నీకే నిద్రొచ్చేసి మాట సగంలో ఆగిపోయేది. మా ఆవిడ టీవీ కట్టేసి మరీ వినేది.”

“పోరా. నేనా? నా గొంతు నాకు తెలీదా?”

“మైకు ముందున్న గొంతు నీకు తెలుసు. దాన్ని రోజూ వింటావు. ఆ గొంతుని ఎవరు రికార్డు చేశారు, నువ్వు వినడానికి? ఆ రోజు డైరెక్టరు ‘తండ్రిలా మాట్లాడు’ అన్నాడు. నాకు పిల్లలున్నారా, జెల్లలున్నారా? తండ్రి ఎలా మాట్లాడతాడో నాకేం తెలుసు? కళ్ళు మూసుకున్నాను. గోడ గుర్తొచ్చింది. అంతే, నోరు తెరిచాను. నీ గొంతే తీసుకుని నీ మీదే గెలిచాను. దొంగసొత్తన్నా, అందుకే నీతో చెప్పలేకపోయాను.”

“మరి నా గొంతులో కత్తి ఉందన్నారు కదరా...”

“నువ్వు డైలాగు చెప్పుంటావు. కొరికినట్టు.”

“చెప్పాను. బాగా కొరికాను.”

“తర్వాత నీకు పెద్ద విలన్లు వచ్చారు, డాక్టరు నోరు కట్టేశాడు. ఒకరోజు గోడ అవతల మాట ఆగిపోయింది. మా ఆవిడ వారం రోజులు చూసి అడిగింది, ‘పక్కింటాయన ఊళ్ళో లేడా?’ అని. ఉన్నాడే, పొద్దున కనిపించాడే అన్నాను. ఆ రాత్రి మళ్ళీ టీవీ పెట్టుకుంది.”

“ఒరేయ్...”

“నీకు నా మీద కుళ్ళు ఈమధ్య పుట్టింది. నాకు నీ మీద ఆ గోడ పక్కన పడుకున్న మొదటి రాత్రే పుట్టింది. ఇప్పుడు చెప్పు, ఎవరిది పెద్దది?”

“పిల్లకి... పిల్లకి గుర్తుంటుందంటావా? నేనలా మాట్లాడినట్టు?”

“గుర్తుండదు. గుర్తుంటే నిన్ను వదిలి ఎలుగుని పట్టుకుని ఎందుకు వేలాడుతుంది?”

“బాబాయ్! నాన్నా! పిల్ల ఎలుగుకి కొత్త పన్ను వచ్చింది! తేల్చారా? బాబాయ్, వస్తున్నావా?”

“లేదు అమ్మడూ. నేను రాను.”

“ఎందుకూ? నాన్న తిట్టాడా? నాన్నా, తిట్టావా?”

“తిట్టాడు గానీ దానిక్కాదు. అసలు ఎలుగు నేను కాదు. అసలాయన వేరే ఉన్నాడు. ఆయన వస్తాడు.”

“ఎవరు? ఎక్కడున్నాడు?”

“అన్నా, నీ వంతు. సాయంత్రం గోదాంలో కాలిపోవాలి, గొంతు దాచుకుంటానంటే నీ ఇష్టం.”

“కాలిపోనీరా ఆ గోదాం.”

“నాన్నా? ఏంటి అలా చూస్తున్నావు? సైగ చెయ్యకు.”

“ఊఁహూఁ... ఎవరూ? ఎవరూ ఒంటి చెప్పుతో తిరుగుతున్నదీ? రా రా. ఇక్కడ కూర్చో. పన్ను సంగతి చెప్పు చెప్పు, నేను వింటూ ఇలా కళ్ళు మూసు...”

“ఇంకోసారి అను.”

“ఊఁహూఁ... ఎవరూ?”

“నాన్నా, నువ్వు బాబాయిని కాపీ కొడుతున్నావు!”

“అవునమ్మా. కొడుతున్నాను. ఎలా ఉంది?”

“మూలుగు బాగుంది. చివర మింగడం కూడా వచ్చింది. కానీ బాబాయంత రాలేదు. పర్లేదులే నాన్నా, రోజూ రాత్రి నా పక్కన పడుకుని ప్రాక్టీసు చెయ్యి. శుక్రవారానికి వచ్చేస్తుంది.”