కోడలొచ్చింది, బావి ఉప్పెక్కింది

ఓబులమ్మని ఒకామె, ఆమెకి చెంచురత్నమని కోడలొచ్చింది. సముద్రం పక్క ఊరు, అంతా ఇసక నేల, ఊరందరికీ ఒకటే మంచినీళ్ల బావి అనుకో. ఏమైందంటే, ఈ పిల్ల కాపురానికొచ్చిన నెలకే ఆ బావి ఉప్పెక్కిందంట. మామూలు ఉప్పు కాదు, నోట్లో పోసుకుంటే ఉమ్మెయ్యాల్సిందే. పప్పు ఉడకదు, పసిపిల్లలకి వాంతులు, ఆడోళ్లు బిందెలెత్తుకుని ఎండలో పక్కూరికి నడవాల. ఇంక నోళ్లు ఊరుకుంటయ్యా చెప్పండి? కోడలొచ్చింది, నీళ్లు చెడినయ్యి అన్నారు. ముందు ఎవరో ఒకరన్నారు, తర్వాత అందరూ అన్నారు. మాలకొండయ్యని పెద్దమనిషి, ఆయన మాటకి ఊళ్లో ఎదురులేదులే, ఆయనే ఓబులమ్మ వాకిట్లోకొచ్చి, నీ కోడల్ని పుట్టింటికి పంపెయ్యి, నీళ్లు బాగుపడితే అప్పుడు చూద్దాం, రేపు సాయంత్రం అందరం కూచుని తేల్చేద్దాం అన్నాడంట. మొగుడు బ్రహ్మయ్య నోరులేనోడు, గడప మీద కూచుని గోళ్లు గిల్లుకుంటా ఉండిపోయాడు. అత్త కూడా మొహం తిప్పుకుని లోపలికి పోయింది. ఆ పిల్లకి అన్నిటికన్నా అదే మంట.

ఏడ్చింది, ఎందుకేడవదు? ఏడ్చి, మొహం కడుక్కుని, చెంబు చేత పట్టుకుని బయల్దేరిందంట. పొలాల్లో ఉన్న బావులన్నిట్లో నీళ్లు తోడి నోట్లో పోసుకుంది. ఊరికి పడమట, పక్కూరి దిక్కున దూరంగా ఉన్న బావులు తియ్యగున్నయ్యి. తూర్పుకి పొయ్యేకొద్దీ ఉప్పు ఎక్కువైతా వచ్చింది. తూర్పునేముందీ? రొయ్యల చెరువులు. ఎవరో పట్నం ఆసామి రెండేళ్ల కింద తవ్వించి, సముద్రపు నీళ్లు ఇంజన్లు పెట్టి తోడి నింపుతుండాడు.

ఇంటికొచ్చి కాగితం ముందేసుకుంది. పది దాకా చదివిన పిల్ల. బళ్లో తెలుగు పంతులమ్మ చెప్పేదంట, ఏదన్నా ఎందుకు జరిగిందో రాయాలంటే ముందు ఏం జరిగిందో ఒక్క ముక్కలో చెప్పు, దేనివల్ల జరిగిందో చెప్పు, సంబంధం లేంది ఎంత నిజమైనా తీసి పారెయ్యి, ఒకదాని వెనక ఇంకోటి వచ్చినంత మాత్రాన ముందుది కారణమైపోదే పిల్లా, అని. సరే, రాస్తా ఉంటే ఓబులమ్మ వచ్చి పక్కన కూలబడింది. ఏందే రాస్తుండావు? నీళ్ల సంగతి తాసిల్దారుకి రాస్తుండా అత్తా. అయితే బస్సు రావట్లేదని కూడా రాయి. బస్సుకీ బావిలో ఉప్పుకీ ఏంది అత్తా సంబంధం? మరి రేషను బియ్యంలో రాళ్లొస్తున్నయ్యి, అదీ రాయి! అదీ వొద్దత్తా, ఇన్ని రాస్తే ఆయనకి ఏది పట్టుకోవాలో తెలవదు. ఓబులమ్మకి కోపమొచ్చింది. పోనీ మాలకొండయ్య కనకాంబరాల తోట ఎండిపాయ గదా, పోయిన ఎండాకాలం, చెరువుల పక్కదే, అదన్నా రాస్తావా రాయవా? అంది.

కలం ఆగిపోయింది. అత్తా, మళ్లీ చెప్పు, ఎప్పుడెండింది? పోయిన ఎండాకాలమే. అప్పటికి నేను ఈ ఊరొచ్చానా అత్తా? ఓబులమ్మ వేళ్ల మీద నెలలు లెక్కేసుకుందంట. లెక్క తేలాక, రాయమ్మా, అది గట్టిగా రాయి అందంట. అప్పటిదాకా ఏమే, ఒసే, అప్పుడు అమ్మా!

మర్నాడు ఊరంతా కూడింది. రత్నం కాగితం పట్టుకుని లేచి నిలబడింది. మాలకొండయ్య మామా, నీ కనకాంబరాలు ఎప్పుడెండినయ్యి? అనడిగింది. పోయిన ఎండాకాలం, ఉప్పు పొంగి వేర్లు కుళ్లినయ్యి, అన్నాడాయన, అనేసి టక్కున ఆగాడు. తన మాట తనకే వినపడింది మరి! అప్పుడు చదివిందంట.

"మా ఊరి మంచినీళ్ల బావి ఉప్పెక్కింది. ఎందుకంటే ఊరికి తూర్పున రొయ్యల చెరువుల్లో సముద్రపు నీళ్లు నింపుతున్నారు. మాది ఇసక నేల కాబట్టి ఆ నీళ్లు ఇంకుతున్నాయి. అందువల్ల చెరువుల పక్క తోట పోయిన ఎండాకాలమే ఎండింది. ఆ ఉప్పే నేల కింద పాకి ఈ ఏడు మా బావికి చేరింది. దూరంగా ఉన్న పడమటి బావులు ఇప్పటికీ తియ్యగానే ఉన్నాయి. చెరువులు ఆపకపోతే రేపు వాటికీ ఇదే గతి."

అంతే, ఇంకో ముక్క లేదు. మాలకొండయ్య లేచొచ్చి, అమ్మా, నా కళ్ల ముందు ఎండిన తోట నాకు కనపళ్లేదు, నువ్వు కనపడ్డావు, తప్పు నాదే, అని ముందు ఆయనే సంతకం పెట్టాడు. నోరులేని బ్రహ్మయ్య కూడా లేచి, నా పెళ్లాన్ని ఇంకెవరన్నా ఏమన్నా అంటే చూస్తా అని అరిచాడంట, ఎవరూ ఏమీ అనకుండానే!

తాసిల్దారుకి ఆ కాగితం చదివాక, ఏ బావి, ఏ చెరువు అని మళ్లీ అడగాల్సిన పనే లేకపోయింది. తిన్నగా చెరువుల దగ్గరికొచ్చాడు, నీళ్లు పరీక్ష చేయించాడు. రత్నం రాసిందే నిజమని తేలింది. ఇంజన్లు ఆపించారు, చెరువులు ఎండగట్టించారు. రెండు వానాకాలాలు గట్టిగా కురిసి ఉప్పు కడిగేసినాయి. బావి తేరుకున్నరోజు మొదటి చేద తోడించింది ఎవరిచేతనుకుంటున్నారు? రత్నం చేతే! డప్పులు కొట్టించారు, ఓబులమ్మ ఆ డప్పుల ముందు చిందేసిందంట, ఆ వయసులో.

మా ఆడది ఆ ఊరిదేలే. ఆ తర్వాత ఊరి ఆడపిల్లలకి రత్నమే ఇట్టా రాయడం నేర్పిందంట, వాళ్లలో ఇదీ ఒకతి. ఇంటికి ఆలస్యంగా పోయి బండి పంచరైందే అన్నాననుకో, ఏ చక్రం, ఏం గుచ్చుకుంది, మరి చొక్కాకి మట్టెందుకు కాలేదు అంటది. ఆ కథ మీకు బాగుంది గానీ, నా కాపురం నాకు తెలుసు.